రాజమండ్రిలో మొదలైన ఒక డైట్ ఛాలెంజ్: 1929లో గాంధీ ఏం తిన్నారు, ఎందుకు ఆపేశారు?

ఈరోజు ఎపిసోడ్‌కి ముందు మీకు ఒక డైట్ చార్ట్ చదివి వినిపిస్తాను. ఇది ఎవరిదో గెస్ చేయండి.

మొలకెత్తిన గోధుమలు 8 తులాలు. బాదంపప్పు పేస్ట్ 8 తులాలు. పచ్చి ఆకుకూర దంచింది 8 తులాలు. నిమ్మకాయలు 6. తేనె 2 ఔన్సులు. రోజుకి రెండే రెండు పూటలు. మొదటిది పొద్దున 11 గంటలకి, రెండోది సాయంత్రం 6:15కి. వారంలో రెండు మూడు సార్లు గోధుమల బదులు మొలకెత్తిన శనగలు. శనగలు తిన్న రోజు బాదం ఉండదు, దాని బదులు కొబ్బరిపాలు. పొయ్యి మీద పెట్టేది ఒక్క నీళ్ళు మాత్రమే.

ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ ఉంది, మొలకలు ఉన్నాయి, ఆల్మండ్ బటర్ ఉంది, కోకోనట్ మిల్క్ ఉంది. ఏ ఫిట్‌నెస్ ఇన్‌ఫ్లుయెన్సర్ రీల్‌లోనో నిన్న రాత్రి చూసినట్టే ఉంది కదా? కానీ ఇది 1929 నాటిది. తిన్నది మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. అప్పటికి ఆయన వయసు 59. ఈ డైట్‌లోకి ఆయన్ని దించింది మన రాజమండ్రి ఆయన.

ఈ కథ నేనెందుకు ఎత్తుకున్నానో చెప్తాను. మా బాబాయి కూతురు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి జాబ్ చేస్తోంది. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, మా జిమ్‌లో 30 రోజుల క్లీన్ ఈటింగ్ ఛాలెంజ్ పెట్టారు. అన్నం అన్‌క్లీన్ అంట, పెరుగు అన్‌క్లీన్ అంట, అరటిపండు కూడా వద్దంట" అంది. "మరి ఏం తింటున్నావే?" అనడిగితే, "గుడ్డు తెల్లసొన, కీరదోస, అప్పుడప్పుడూ చికెన్" అంది. 12వ రోజున ఆఫీస్ లిఫ్ట్ దగ్గర కళ్ళు తిరిగి కింద కూర్చుండిపోయింది. పక్కవాళ్ళు గ్లూకోజ్ నీళ్ళు తాగించారు. నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. ఆ రోజు రాత్రి కూడా ఛాలెంజ్ గ్రూప్‌లో తను గ్రీన్ టిక్ పెట్టింది. కళ్ళు తిరిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు. "చెప్తే స్ట్రీక్ పోతుంది అన్నయ్యా" అంది.

ఆ గ్రీన్ టిక్ గుర్తుపెట్టుకోండి. దానికీ గాంధీ డైరీకీ ఉన్న తేడానే ఈరోజు ఎపిసోడ్.

మొదటి ట్రయల్: ప్రిటోరియా, 1893

గాంధీకి ఇలాంటి ఛాలెంజ్‌లు కొత్త కాదు. లా చదవడానికి లండన్ వెళ్ళినప్పుడు అక్కడి శాకాహారుల సంఘంలో చేరారు. ఆ సంఘానికి పెద్ద ఆర్నాల్డ్ హిల్స్ అనే ఆయన. థేమ్స్ నది ఒడ్డున ఓడలు కట్టే పెద్ద కంపెనీ ఆయనది. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి ఒక చిన్న బోనస్: ఆ కంపెనీ కార్మికుల కోసం హిల్స్ 1895లో పెట్టించిన జట్టే తర్వాత వెస్ట్ హామ్ యునైటెడ్ అయింది.

హిల్స్‌కి ఒక థియరీ ఉండేది. దాని పేరు 'వైటల్ ఫుడ్'. అంటే ప్రాణమున్న తిండి అనుకోండి. గింజలు, పప్పులు, పళ్ళు నిప్పు తగలకుండా తింటే వాటిలోని జీవశక్తి మనకి వస్తుందని ఆయన నమ్మకం. 1893 ఆగస్టు 22న, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో, 23 ఏళ్ళ గాంధీ దీన్ని తన మీద మొదలుపెట్టారు. రాత్రి నానబెట్టిన గోధుమలు రెండు చెంచాలు, బఠాణీ ఒక చెంచా, బియ్యం ఒక చెంచా, కిస్‌మిస్, కొన్ని గింజలు, రెండు కమలాపళ్ళు, ఒక కప్పు కోకో. ఇదీ మొదటి రోజు టిఫిన్. నమిలి మింగడానికి ముప్పావుగంట పట్టిందట!

ఆయన రోజువారీ డైరీ రాశారు. పొద్దున హుషారుగా ఉంది, సాయంత్రానికి దిగులుగా ఉంది, తలనొప్పిగా ఉంది అని రాసుకున్నారు. ఆకలి, నీరసం, పళ్ళ ఇబ్బంది, ఏదీ దాచలేదు. నెల తిరక్కుండానే ఆపేశారు. ఆపేసి ఊరుకోలేదు, 1894లో లండన్ శాకాహారుల పత్రికకి మొత్తం పంపించారు. రోజూ పని చేసుకు బతకాల్సిన మామూలు మనిషికి ఇది కుదరదు అన్నది ఆయన తేల్చిన మాట. ఆ పత్రిక నడిపేది ఎవరు? ఆ థియరీని నెత్తిన పెట్టుకున్న వాళ్ళే. వాళ్ళకే "మీ థియరీ నా మీద పని చేయలేదు" అని రిపోర్ట్ పంపించాడు ఆ కుర్రాడు.

రెండో ట్రయల్: రాజమండ్రి, 1929

ఇప్పుడు 36 ఏళ్ళు ముందుకి వద్దాం. 1929 ఏప్రిల్, మే నెలల్లో గాంధీ ఖద్దరు నిధి కోసం ఆంధ్రలో ఊరూరూ తిరుగుతున్నారు. ఎండాకాలం, మన గోదావరి జిల్లాల ఎండ మీకు తెలిసిందే. ఆ టూర్‌లో రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావు ఆయన్ని కలిశారు.

అప్పటికి ప్రకృతి చికిత్స అంటే ఎక్కువగా తొట్టి స్నానాలు, మట్టి పట్టీలు. గోపాలరావు ఇంకో మెట్టు ఎక్కారు. అవన్నీ కూడా కృత్రిమమే, అసలు రోగం పోవాలంటే వంటలోంచి నిప్పునే తీసేయాలి, జంతువులు తిన్నట్టు పచ్చిగా తినాలి అన్నారు. నేను కూడా పూర్తిగా పచ్చి తిండే తినొచ్చా అని గాంధీ అడిగారు. తప్పకుండా, ముసలివాళ్ళ అజీర్తి కూడా నేను మొలకలతో తగ్గించాను అని ఈయన జవాబు. మరి మెల్లగా అలవాటు చేసుకోవాలి కదా అంటే, అవసరమే లేదు, నేరుగా మొదలుపెట్టేయండి అన్నారు.

అప్పుడు గాంధీ ఒక జోక్ వేశారు. నేను ఇక్కడ పోయానంటే ఆంధ్ర జనం నాతో పాటు మిమ్మల్ని కూడా చితి మీద పెట్టేస్తారు, ఆ రిస్క్ తీసుకుంటారా అని. తీసుకుంటాను అన్నారు గోపాలరావు. అయితే ఈరోజు నుంచే, నానబెట్టిన గోధుమలు పంపండి అన్నారు గాంధీ. ఇదంతా తర్వాత గాంధీయే తన 'యంగ్ ఇండియా' పత్రికలో రాసుకున్నారు.

నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, డైట్ చెప్పినవాడిని "నీ పూచీ ఎంత?" అని మొదటిరోజే అడిగారు. నవ్వుతూనే అడిగారు, కానీ అడిగారు. మనం ఛాలెంజ్‌కి డబ్బు కట్టేటప్పుడు టర్మ్స్ అండ్ కండిషన్స్ అని ఒక పేజీ వస్తుంది చూడండి. మనకి ఏమైనా అయితే వాళ్ళకి సంబంధం లేదని అందులో ఉంటుంది. మనం స్క్రోల్ చేసి అగ్రీ కొట్టేస్తాం.

ఇప్పుడు ఆ చార్ట్‌ని కొంచెం లెక్క వేద్దాం. తులం అంటే మన జనరేషన్‌కి బంగారమే గుర్తొస్తుంది, షాపుల్లో తులం అంటే 10 గ్రాములు అంటున్నారు. పాత తులం 11.66 గ్రాములు. అంటే 8 తులాలు సుమారు 93 గ్రాములు. 93 గ్రాముల బాదం అంటే 540 కేలరీల దాకా వస్తాయి. గోధుమలు పొడిగా తూచితే ఇంకో 300. తేనె 57 గ్రాములు, అది 170. ఆకుకూర, నిమ్మరసం కలిపితే ఇంకో వంద లోపు. మొత్తం వెయ్యి దాటి కాస్త, అంతే. మొలకలని తడిగా తూచి ఉంటే వెయ్యి కూడా రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్, 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కూర్చుని పని చేసే మగవాళ్ళకి రోజుకి 2,110 కేలరీలు, ఆడవాళ్ళకి 1,660 కావాలి. గాంధీ సన్నటి మనిషి, వయసు పైబడింది, నిజమే. కానీ ఆ రోజుల్లో ఆయన కూర్చుని లేరు. ఊళ్ళు తిరుగుతున్నారు, మీటింగుల్లో మాట్లాడుతున్నారు, జూన్‌లో హిమాలయాల వైపు కౌసాని వెళ్ళి గీత మీద తన పుస్తకానికి ముందుమాట పూర్తి చేశారు. అంత పని ఆ వెయ్యి కేలరీల మీద నడుస్తోంది.

జూన్‌లో 'యంగ్ ఇండియా'లో ఈ ప్రయోగం గురించి రాశారు. ఏం తింటున్నారో తూకాలతో సహా ఇచ్చారు. చూసి వెంటనే మీరు కూడా మొదలుపెట్టకండి అని హెచ్చరించారు. తెలిసిన డాక్టర్లు, అనుభవం ఉన్నవాళ్ళు తమకి తెలిసింది రాయమని అడిగారు. ఆశ్రమంలో కొంతమంది ఆయనతో పాటు చేరారు.

ఆగస్టులో ఆయనకి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ప్రయోగం ఆపేశారు. మళ్ళీ మేకపాలకి వచ్చారు. ఆ తిండి వల్లే జబ్బు వచ్చిందని నేను అనను, నేను డాక్టర్‌ని కాదు. ఒంట్లో శక్తి లేనప్పుడు ఆ తిండితో లాగడం కుదరదని ఆయనకి అర్థమైంది, అంతవరకే. ఈ ఆపేసిన సంగతి కూడా పాఠకులకి చెప్పారు. మొదలుపెట్టినప్పుడు ఏ పత్రికలో రాశారో, ఆపినప్పుడు కూడా అదే పత్రికలో.

దేశంలో అంత పేరున్న మనిషి ఆయన. కావాలంటే సైలెంట్‌గా పాలు తాగేసి, ఆ టాపిక్ ఎత్తకుండా ఉండొచ్చు. ఎవరు అడుగుతారు?

ఆ ఏడాదే వచ్చిన ఒక నోబెల్

ఇక్కడ ఒక చిన్న మలుపు తీసుకుందాం, ఎందుకంటే 1929లోనే ఇంకో పెద్ద విషయం జరిగింది. ఆ సంవత్సరం వైద్యంలో నోబెల్ బహుమతి విటమిన్ల మీద పనిచేసిన ఇద్దరికి ఇచ్చారు. ఒకరు ఇంగ్లండ్‌కి చెందిన హాప్కిన్స్, ఇంకొకరు డచ్ డాక్టర్ ఐక్మన్.

ఐక్మన్ కథ సూపర్‌గా ఉంటుంది. 1890ల్లో జావాలో, ఇప్పటి ఇండోనేషియాలో, బెరిబెరి అనే జబ్బు మీద పని చేస్తున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడవలేరు, కొందరికి ఒళ్ళు వాస్తుంది, గుండె ఆగిపోతుంది. ఏదో క్రిమి వల్ల అనుకున్నారు. ఒకసారి ల్యాబ్‌లో కోళ్ళకి అలాంటి జబ్బే వచ్చింది, కొన్నాళ్ళకి దానంతటదే తగ్గిపోయింది. ఎందుకా అని ఆరా తీస్తే తెలిసిందేంటంటే, ఆ మధ్యకాలంలో కోళ్ళకి మిలిటరీ ఆస్పత్రిలో వండిన తెల్లన్నం వేశారు. తర్వాత కొత్త వంటవాడు వచ్చి, సర్కారు బియ్యం కోళ్ళకి ఇవ్వను పొమ్మన్నాడు. దాంతో మళ్ళీ మామూలు ముడిబియ్యం వేశారు, కోళ్ళు కోలుకున్నాయి. ఆ వంటవాడి పిసినారితనం సైన్స్‌కి ఒక క్లూ ఇచ్చింది! బియ్యం పైపొరలో ఏదో ఉంది, పాలిష్ పడితే అది పోతోంది. ఆ 'ఏదో'నే తర్వాత థయామిన్ అన్నారు, విటమిన్ బి1.

దీనికీ మనకీ ఏంటి సంబంధం అంటారా? చాలా ఉంది. గాంధీ మొలకలు తిన్న గోదావరి ప్రాంతంతో సహా, పాత మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరుమోసినవి. తమిళ, మలయాళ ప్రాంతాల్లో ఈ జబ్బు ఇంతగా లేదు. కారణం బియ్యమే. అక్కడ వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి పట్టిస్తారు, అదే ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది. మన వైపు పచ్చి బియ్యం అలవాటు. రైస్ మిల్లు వచ్చి దాన్ని మల్లెపువ్వులా తెల్లగా చేసేసరికి బి1 అంతా తవుడులోకి పోయింది. తవుడు గేదెకి పెట్టాం, తెల్లన్నం మనం తిన్నాం.

కూనూరులో 1918లో మెక్‌కారిసన్ అనే డాక్టర్ ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఎన్‌ఐఎన్ అయింది. తార్నాక వైపు వెళ్ళేటప్పుడు మనం చూసే సంస్థ పుట్టుకే మన తెల్లన్నం జబ్బుతో ముడిపడి ఉంది. అక్కడ తర్వాత డైరెక్టర్‌గా ఉన్న ఏక్‌రాయిడ్, ఆయన సహచరులు మన జిల్లాల్లో చూసింది ఇంకా బాధ కలిగిస్తుంది. తల్లికి బి1 లేకపోతే పాలలో కూడా ఉండదు. నెలల పసిబిడ్డలు దాంతో చనిపోయారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజుల్లో 'క్లీన్' బియ్యం అంటే ఏది? తెల్లగా, రాయి లేకుండా, పొట్టు లేకుండా, మిల్లు నుంచి వచ్చిందే. దంపుడు బియ్యం అంటే బీదవాళ్ళ తిండి. చుట్టాలు వస్తే తెల్లన్నం వండాలి. ఈరోజు అదే తెల్లన్నం 'అన్‌క్లీన్', ముడిబియ్యం 'క్లీన్', పైగా దాని ధర రెట్టింపు. వంద ఏళ్ళలో మాట తిరగబడిపోయింది.

జొన్నరొట్టె కూడా అంతే

సరే, తెల్లన్నం విలన్, చిరుధాన్యాలు హీరో అని ముగించేద్దామా? ఆగండి.

1960లో ఇదే సంస్థకి చెందిన గోపాలన్, శ్రీకాంతయ్య అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లాన్సెట్ అనే పేరున్న మెడికల్ జర్నల్‌లో ఒక పేపర్ ప్రచురించారు. విషయం పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలిపోతుంది, విరేచనాలు అవుతాయి, ముదిరితే మతి చెడుతుంది. నియాసిన్ అనే బి విటమిన్ తక్కువైతే వచ్చే జబ్బు. ప్రపంచంలో ఎక్కువచోట్ల అది మొక్కజొన్న మీద బతికే పేదవాళ్ళకి వచ్చేది. దక్కన్‌లో మాత్రం జొన్న మీద బతికే పేదవాళ్ళకి వచ్చింది. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం దీనికి కారణం కావచ్చని వాళ్ళు ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది, అందరూ ఒప్పుకోలేదు. కానీ జబ్బు ఎవరికి వచ్చింది అన్నదాంట్లో అనుమానం లేదు: పొద్దున జొన్న, రాత్రి జొన్న, పక్కన పప్పు లేక, పాలు లేక, కూర లేక బతికినవాళ్ళకి.

జొన్న చెడ్డదని కాదు. నేను కూడా తింటాను, మా ఇంట్లో వారానికి రెండు మూడు రోజులు అదే. జొన్నరొట్టె, పక్కన ఆకుకూర పప్పు, ఒక గ్లాసు మజ్జిగ ఉంటే అది బ్రహ్మాండమైన భోజనం. ఒట్టి జొన్నరొట్టె మాత్రమే ఏళ్ళ తరబడి అంటే అది వేరే కథ. వస్తువు అదే. పక్కన ఏముంది అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయింది.

కాబట్టి 'ఈ వస్తువు క్లీన్, ఆ వస్తువు అన్‌క్లీన్' అనే లిస్ట్ దగ్గరే అసలు బగ్ ఉంది. కోడ్‌లో ఒక ఫంక్షన్‌ని విడిగా టెస్ట్ చేస్తే పాస్ అవుతుంది. మొత్తం సిస్టమ్‌లో పెట్టి నడిపితే క్రాష్ అవుతుంది. తిండి కూడా అంతే. పళ్ళెం మొత్తం చూడాలి, ఎన్నాళ్ళు తింటున్నాం అన్నది చూడాలి, ఎవరి ఒళ్ళు అన్నది చూడాలి.

ఈ '30 రోజులు' ఎక్కడివి?

'శుభ్రమైన తిండి' అనే ఉద్యమం అమెరికాలో 1830ల్లోనే గట్టిగా వినబడింది. సిల్వెస్టర్ గ్రాహమ్ అనే మతబోధకుడు బేకరీ తెల్లరొట్టెని తిట్టి, పొట్టుతో ఉన్న గోధుమపిండి తినమన్నాడు. ఆయన పేరుతోనే గ్రాహమ్ క్రాకర్ అనే బిస్కెట్ వచ్చింది. ఇప్పుడు అది చక్కెర వేసిన తియ్యటి బిస్కెట్, చీజ్‌కేక్ అడుగున పొడి చేసి వేస్తారు. పాపం ఆయన ఆత్మ ఏమనుకుంటుందో!

తర్వాత బాడీబిల్డర్ల నోట్లో 'క్లీన్' అనే మాట నలిగింది. 2000ల మధ్యలో టోస్కా రెనో అనే కెనడా రచయిత్రి ఈట్ క్లీన్ డైట్ పుస్తకాలతో అది ఇళ్ళలోకి వచ్చింది. 2009లో అమెరికాలో హోల్30 మొదలైంది. ఇప్పుడు మన జిమ్‌ల్లో కనిపించే చాలా 30 రోజుల ఛాలెంజ్‌ల్లో దాని పోలికలు కనిపిస్తాయి. దాని అసలు రూల్స్ ఏంటంటే: 30 రోజులు చక్కెర, మందు, ధాన్యాలు, పప్పులు, పాలు పెరుగు ఏవీ వద్దు. మధ్యలో తప్పితే మళ్ళీ 1వ రోజు నుంచి మొదలు.

మన కళ్ళతో ఒకసారి చూడండి. అన్నం వద్దు. పప్పు వద్దు. పెరుగు వద్దు. అంటే పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, పెసరట్టు, అన్నీ అవుట్. నెయ్యికి మాత్రం పర్మిషన్ ఉంది, కానీ దేంట్లో వేసుకోవాలి? మాంసం, చేపలు, గుడ్లు, కూరలు దండిగా దొరికే చోట తయారైన ప్లాన్ అది. హాస్టల్ మెస్‌లో తినేవాళ్ళకి పప్పూ పెరుగూ తీసేస్తే ఇక మిగిలేది ఏంటి? న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. హోల్30లో 30 రోజులు అయ్యాక ఆపేసినవి ఒక్కొక్కటిగా తిరిగి తింటూ, ఒంటికి ఏది పడుతోంది ఏది పడట్లేదు అని చూసే దశ ఉంది. ఆ 30 రోజులు వెయింగ్ మెషిన్ ఎక్కొద్దని కూడా ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ మాయమైపోయి, ముందు ఫోటో, వెనక ఫోటో, లీడర్ బోర్డ్ మాత్రం మిగిలాయి.

30 రోజుల్లో ఏం తెలుస్తుంది? కొంత తెలుస్తుంది. కూల్‌డ్రింకులు, చిప్స్, అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్లు మానేస్తే ఎవరికైనా తేలికగా ఉంటుంది, బరువు కూడా తగ్గొచ్చు. అందులో మోసం లేదు. కానీ ఏం తెలియదు అన్నది ముఖ్యం. బి12 లాంటివి లివర్‌లో నిల్వ ఉంటాయి, పూర్తిగా మానేసినా లోటు బయటపడటానికి సంవత్సరాలు పట్టొచ్చు. బి12ని వేరుచేసి గుర్తించిందే 1948లో, గాంధీ చనిపోయిన ఏడాది. అంటే మొలకలు, బాదం తింటున్నప్పుడు అందులో ఏం లేదో తెలుసుకునే దారి కూడా ఆయనకి లేదు. మనకి ఉంది. సెర్చ్ చేస్తే రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

ఇంకోవైపు, మరీ మడి కట్టుకున్నట్టు తినడం కూడా ఒక సమస్య అవుతుందని 1997లో స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ డాక్టర్ రాశారు. దానికి ఆర్థోరెక్సియా అని పేరు పెట్టారు. ఆరోగ్యం కోసం మొదలైన శుభ్రత చివరికి పెళ్ళి భోజనానికి వెళ్ళలేనంత, అమ్మ చేసింది తినలేనంత భయంగా మారడం అనమాట.

చివరికి గాంధీ ఏం తినమన్నారు?

రాజమండ్రి ప్రయోగం ఆగిపోయిన 13 ఏళ్ళకి, 1942లో, పుణెలో ఆగాఖాన్ ప్యాలెస్‌లో బందీగా ఉన్నప్పుడు గాంధీ ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. ఇంగ్లీషులో దాని పేరు కీ టు హెల్త్. అందులో కూర్చుని పని చేసేవాళ్ళకి ఒక రోజు తిండి లెక్క ఇచ్చారు. అప్పటి ఔన్సులని గ్రాముల్లోకి మార్చి చెప్తున్నాను: ఆవుపాలు సుమారు 900 గ్రాములు, ధాన్యాలు 170, ఆకుకూరలు 85, మిగతా కూరగాయలు 140, పచ్చిగా తినేవి 28, నెయ్యి 42, బెల్లం లేదా చక్కెర 42. పళ్ళు ఎవరి రుచిని బట్టి, ఎవరి జేబుని బట్టి వాళ్ళు.

చూశారా? పాలు వచ్చాయి, వండిన ధాన్యం వచ్చింది, నెయ్యి వచ్చింది, బెల్లం, చక్కెర కూడా వచ్చాయి. పచ్చి తిండి పూర్తిగా పోలేదు, పళ్ళెంలో ఒక మూల 28 గ్రాములుగా మిగిలింది. దీన్ని అలాగే తినమని నేను చెప్పట్లేదు, ఇప్పటి లెక్కలు వేరు. 2024లో ఎన్‌ఐఎన్ 17 సూచనలతో కొత్త గైడ్‌లైన్స్ ఇచ్చింది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకుండా చూసుకోండి, పప్పులు, కూరలు, పళ్ళు, పాలు, గింజలు అన్ని రకాలు కలిపి తినండి అంటుంది. పదేళ్ళ పిల్లాడికైనా అర్థమయ్యేలా పళ్ళెం బొమ్మ కూడా వేసి ఇచ్చారు. ఫ్రీ. సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు.

నేను గాంధీ దగ్గర తీసుకున్నది ఆయన మెనూ కాదు, ఆయన లాగ్. సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్షన్‌లో ఏదైనా మార్పు పెడితే మూడు పనులు చేస్తాం. ఏం మార్చామో రాస్తాం. ఎర్రర్ వస్తే అది లాగ్‌లో పడుతుంది, దాన్ని ఎవరూ చెరపరు. తేడా వస్తే రోల్‌బ్యాక్ చేస్తాం, దానికి సిగ్గుపడం. 1893లో ఆయన, 1929లో ఆయన, అదే చేశారు. తలనొప్పి వస్తే తలనొప్పి అని రాశారు. ఒళ్ళు మొరాయిస్తే ఆపి, ఆపానని అచ్చు వేశారు. అందుకే వంద ఏళ్ళ తర్వాత కూడా ఆ ప్రయోగం నుంచి మనం ఏదో నేర్చుకోగలుగుతున్నాం. గ్రీన్ టిక్‌ల గ్రూప్ నుంచి ఎవరైనా ఏం నేర్చుకుంటారు? అందులో కళ్ళు తిరిగిన రోజు ఉండదు, పీరియడ్స్ తప్పిన నెల ఉండదు, రాత్రి రెండింటికి ఆకలికి ఏడ్చిన రోజు ఉండదు. 30 రోజులు పూర్తయిన వాళ్ళ ఫోటోలే ఉంటాయి. మిగతావాళ్ళు సైలెంట్‌గా ఎగ్జిట్ అయిపోతారు. దాంతో తర్వాతి బ్యాచ్‌కి ఇది అందరికీ పని చేస్తుందనే అనిపిస్తుంది.

వచ్చే ఒకటో తారీఖున మీలో ఎవరైనా ఛాలెంజ్ మొదలుపెడుతుంటే, మానేయమని నేను అనను. మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, నా పళ్ళెంలోంచి దీన్ని తీసేస్తే దాని బదులు ఏం వస్తోంది? రెండు, నాకు ఏమైనా అయితే ఈ ప్లాన్ ఇచ్చినవాళ్ళు ఫోన్ ఎత్తుతారా? మూడు, ఏ లక్షణం కనబడితే నేను ఆపేస్తాను? ఆ మూడోది ముందే పేపర్ మీద రాసి పెట్టుకోండి. ఎందుకంటే 12వ రోజు లీడర్ బోర్డ్‌లో రెండో ప్లేస్‌లో ఉన్నప్పుడు మన బుర్ర మనకి నిజం చెప్పదు. షుగర్, బీపీ, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి.

చివరగా ఒక రిక్వెస్ట్. కామెంట్స్‌లో మామూలుగా ఛాలెంజ్ పూర్తి చేసినవాళ్ళు రాస్తారు. ఈసారి మధ్యలో ఆపేసినవాళ్ళు రాయండి. ఎన్నో రోజున ఆపారు, ఎందుకు ఆపారు, ఆపాక ఏం తిన్నారు. పేర్లు వద్దు, జిమ్ పేరు వద్దు, జరిగింది మాత్రం రాయండి. వాటిలో కొన్ని వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.

అంతవరకు టైమ్‌కి తినండి.